గట్టు మీంచి కనబడని చేను

ఒక కామర్సు మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసానికి పిలిచి షేర్ల గురించి చెప్పమంటే పత్తికొండ చేలతో మొదలుపెడుతున్నాను. మన్నించాలి.

అక్కడి రైతు బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తేటప్పుడు ఏడెనిమిది సాళ్లకొక సాలు కంది వేస్తాడు. బెట్టకు బుడ్డలు పోయినా, వెనకటి వానకు కంది తేరుకుని సంక్రాంతి నాటికి ఎంతో కొంత చేతికిస్తుంది. నాలుగు రకాల వ్యాపారాల్లో దిగే కంపెనీ కూడా ఇదే మాట చెబుతుంది: ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందని. అది అబద్ధమేమీ కాదు. అయితే చేలో ఏ సాలు ఎండిందో గట్టు మీద పోయేవాడికైనా తెలుస్తుంది. కంపెనీలో ఏది ఎండిందో షేరు కొన్నవాడికి తెలియదు. జిన్, మయర్స్ అనే ఆర్థికవేత్తలు 2006లో వాదించింది ఈ సంగతే. లోపలి లెక్క బయటికి తెలియని చోట యాజమాన్యం చెడ్డ వార్తను తొక్కిపెడుతుంది. ఇక దాచలేని రోజున అంతా ఒక్కసారే బయటపడి ధర కుప్పకూలుతుంది.

మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌నే చూడండి. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ బోర్డు స్థిరాస్తి వ్యాపారం చేసే మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా, నిర్మాణ సంస్థ మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 160 కోట్ల డాలర్లకు కొంటామంది. సాఫ్ట్‌వేరు ఒక్కదాన్నే నమ్ముకుంటే ప్రమాదమని, అందుకే రిస్కు తగ్గించుకుంటున్నామని చెప్పింది. ఆ రెండూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబం కంపెనీలే! న్యూయార్కులో షేరు ఆ రోజే సగానికి పైగా పడింది. వాటాదారులు ఒప్పుకోకపోవడంతో కొన్ని గంటల్లో ఒప్పందం రద్దయింది. మూడు నెలల కిందటే సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న కంపెనీ ఇది.

2009 జనవరి 7న రాజు లేఖ వచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమే మేటాస్ బేరమని ఆయనే ఒప్పుకున్నారు. ముందురోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 లోపుకి దిగింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఒక్కో షేరుకు 58 రూపాయలిచ్చి కంపెనీని దక్కించుకుంది.

కూల్చింది దొంగ లెక్కలే, సందేహం లేదు. కొత్త వ్యాపారం పేరు ఆ లెక్కలను పూడ్చడానికి పనికొచ్చేదే, వాటాదారులు అడ్డం తిరగకపోయి ఉంటే. నా దృష్టిలో ఈ కథలో బుద్ధిగా నడుచుకున్నది వాళ్లే.

ఆ దెబ్బతో 2009లోనే, రాజు కుటుంబం లాంటి ప్రమోటర్లు అప్పులకు తాకట్టు పెట్టిన షేర్ల వివరం వెల్లడించాలని షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. కర్నూలులో, ప్రొద్దుటూరులో ఫోన్లోనే షేర్లు కొంటున్న పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకొక మనవి: ఏ కంపెనీ షేరు కొన్నా వార్షిక నివేదికలో విభాగాలవారీ ఫలితాలు, సొంతవాళ్లతో చేసిన లావాదేవీలు చూడండి. ప్రమోటర్ల తాకట్టు ఎంతుందో చూడండి. ఆ తర్వాతే డబ్బు పెట్టండి.