సి.డి.లలోని సంగీతం: ఏ రూపంలో భద్రపరచాలి?
(ప్రసంగ పాఠం)

కాంపాక్ట్ డిస్కు 1982లో జపాన్ విపణిలోనికి వచ్చింది. తరువాతి కాలంలో మన దేశపు హిందుస్తానీ ఖయాలు, కర్ణాటక కృతి, బెంగాల్ బావుల్ గీతం, రాజస్థాన్ మాండ్ ఆ వెండి పళ్ళెం మీద ఎన్నో ఇళ్ళకు చేరాయి. ఆకాశవాణి సైతం తన భాండాగారంలోని కచేరీలను ఈ రూపంలో వెలువరించింది. నేడు వాటిని వినిపించే యంత్రాలు అరుదవుతున్నాయి. కొన్ని డిస్కుల లోహపు పూత చెడి, పాట నడుమ తెగిపోతున్నది. అందుచేత వాటిలోని సంగీతాన్ని కంప్యూటర్‌లోనికి ఎక్కించవలసిన అవసరం గృహస్థులకూ గ్రంథాలయాలకూ కూడ ఏర్పడినది.

దీనిని 'డిజిటల్‌గా మార్చడం' అంటున్నారు. నిజానికి సి.డి.లో తొలినుంచీ ఉన్నవి అంకెలే. సెకనుకు 44,100 పర్యాయాలు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో, ఎడమ కుడి మార్గాలకు వేరువేరుగా నమోదు చేస్తారు. అనగా సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. కనుక జరుగవలసినది మార్పు కాదు, నకలు. ఆ నకలులో అంకెలన్నీ నిలుపుకొనాలా, కొన్నింటిని విడిచిపెట్టాలా అన్నదే ప్రశ్న.

ఎం.పి.3 విడిచిపెట్టే పద్ధతి. పెద్ద ధ్వని చాటున ఉన్న చిన్న ధ్వని చెవికి ఆనదన్న సూత్రం దీనికి ఆధారం. సుమారు 780 మెగాబైట్లు పట్టే 74 నిమిషాల సంగీతం, 128 కిలోబిట్ల వద్ద 70 మెగాబైట్లలో ఇమిడిపోతుంది. నిల్వస్థలం ఖరీదైన రోజులలో ఇది వరమే. కాని ఆ స్థాయిలో తంబురా శ్రుతి నీళ్ళలో నుంచి వినబడినట్లు చెదురుతుంది. మృదంగం మీది చాపు పదును కోల్పోతుంది. వాద్యాల హోరు గల సినిమా పాటలో ఈ లోపం దాగవచ్చును. విలంబిత ఖయాలులో దాగదు. ఆలాప్, జోడ్, ఝాలా వేరువేరు భాగాలుగా ఉన్న డిస్కులో, ఒక్కొక్క సందున క్షణకాలపు విరామం చొరబడి రాగధార తెగడం కూడ కద్దు.

256 లేదా 320 కిలోబిట్ల వద్ద భేదాన్ని పట్టగల చెవులు బహు తక్కువ. ప్రయాణాలలో ఫోనులో వినడానికి అంతకుమించి అక్కరలేదు. అయితే మూలప్రతిగా ఉంచడానికి అది తగదు. రేపు మరొక రూపంలోనికి మార్చవలసివస్తే, విడిచిన దానిలోనుంచి మరికొంత విడవవలసి వస్తుంది. పోయినది మరల రాదు.

మూలప్రతికి తగినది ఫ్లాక్. 2001లో వెలువడిన ఈ పద్ధతి ఒక్క అంకెనూ పోనీయక, పరిమాణాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. ఇందులో 0 నుంచి 8 వరకు స్థాయిలు ఉన్నవి. 8 ఎంచుకుంటే నాణ్యత పెరుగునని పలువురి భ్రమ. పెరిగేది యంత్రానికి పట్టే సమయం, తగ్గేది పరిమాణం మాత్రమే. ధ్వని అన్నింటిలోనూ ఒక్కటే. 16 బిట్ల సి.డి.ని 24 బిట్లుగా నింపడం వలన కూడ ప్రయోజనం లేదు. వేయి డిస్కులైనను ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో పట్టును. అటువంటివి రెండు కొని, రెండవదానిని వేరొక ఇంట ఉంచడం మంచిది.

గీతలు పడిన డిస్కును యంత్రం ఊహించి చదువుతుంది. ఆ ఊహ నకలులోనికి వచ్చి చేరుతుంది. 'ఎగ్జాక్ట్ ఆడియో కాపీ' వంటి సాధనాలు అనుమానమున్న చోట మరల మరల చదివి సరిచూస్తాయి. ఆలస్యమైనా ఓర్చుకొనవలసినదే.

పేర్ల సంగతి మిగిలినది. ఇంటర్నెట్‌లోని పట్టికలు పాట పేరును వాటంతటవే నింపుతాయి గాని రాగం తప్పుగా ఉంటుంది; సారంగి, వయొలిన్, తబలా వాయించినవారి ఊసే ఉండదు. ఆ వివరాలు డిస్కుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉన్నవి. బెంగాలీ పాటను బెంగాలీ లిపిలో, తెలుగు కృతిని తెలుగులో వ్రాసుకొనే వీలు ఫ్లాక్‌లో ఉన్నది. డిస్కులను పాత సామానులవానికి ఇచ్చివేయక ముందే ఆ పుస్తకం తెరవవలెను.