గుర్రం నడిస్తే మన తల మీద బరువు దిగుతుంది
(కొండ ఊళ్ల మహిళా సంఘాల సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం)



ఇవాళ మనం గుర్రం గురించి మాట్లాడుకుందాం. "గుర్రం సంగతి మగవాళ్లది కదా, మాకెందుకు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. పొద్దున్నే గడ్డి కోసుకొచ్చేది ఎవరు? గెడ్డ నుంచి నీళ్లు తెచ్చేది ఎవరు? పేడ ఎత్తేది ఎవరు? మనమే. సంతకు తోలుకెళ్లేది మగవాళ్లు కావచ్చు. కానీ గుర్రాన్ని రోజూ చూసేది మనం.

ఇంకో మాట. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు వచ్చిన ఊళ్లకు ఆటోలు వస్తున్నాయి. రోడ్డు లేని కొండ ఊళ్లకు గుర్రమే బండి. రేషను బియ్యం పైకి రావాలన్నా, కాఫీ, మిరియాలు, పసుపు సంతకు దిగాలన్నా గుర్రమే మోయాలి. ఆ గుర్రం జబ్బుపడితే బియ్యం ఆగదు కదా! ఆ బస్తా మన తల మీదికి వస్తుంది. కొత్త గుర్రం కొనాలంటే వేలకు వేలు అప్పు చేయాలి. అందుకే గుర్రం ఆరోగ్యం మన పని.

మేత ఎలా పెట్టాలి?

గుర్రం ఆవులాంటిది కాదు. ఆవు గబగబా మేసి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. గుర్రానికి నెమరు లేదు. దాని పొట్ట చిన్నది. పైగా తిన్నది పడకపోతే గుర్రం వాంతి కూడా చేసుకోలేదు. అందుకే కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టాలి. విడిచిపెట్టిన గుర్రం రోజులో ఎక్కువసేపు మేస్తూనే ఉంటుంది. దాని పొట్ట తీరే అంత.

మన కొండ గుర్రాలు పొట్టివి. సుమారు 200 కిలోల బరువున్న గుర్రానికి రోజుకు 4 నుంచి 5 కిలోల ఎండుమేత కావాలి. పచ్చిగడ్డే పెడితే 18 నుంచి 20 కిలోలు కావాలి. ముందు గడ్డి, తర్వాతే దాణా. గడ్డి లేకుండా ఉత్త దాణాతో గుర్రం బతకదు.

బరువు మోసే రోజుల్లో దాణా కూడా పెట్టాలి. ఉలవలు ఉడకబెట్టి పెట్టవచ్చు. చోళ్ల పిండి కొంచెం కలపవచ్చు. పూటకు అర కిలో మించకుండా, రెండు మూడు పూటలుగా పెట్టండి. తవుడు చవక కదా అని రోజూ అదే పెట్టకండి. తవుడు మరీ ఎక్కువైతే గుర్రం ఎముకలు బలహీనపడతాయి.

కొన్ని అసలు పెట్టకూడదు. బూజు పట్టిన గడ్డి, బూజు పట్టిన మొక్కజొన్న విషంతో సమానం. లేత పచ్చి జొన్న మేపకూడదు. పచ్చి రాజ్మా గింజలు పెట్టకూడదు. కోళ్ల దాణా పెట్టకూడదు. కోళ్ల దాణాలో కొన్నిసార్లు కలిపే మందు కోడికి మంచిదే, గుర్రాన్ని మాత్రం చంపుతుంది.

మేత మార్చాలంటే ఒక్క రోజులో మార్చకండి. పాత మేతలో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ, వారం పది రోజుల్లో మార్చండి.

నీళ్లు, ఉప్పు

గుర్రానికి రోజుకు 15 నుంచి 20 లీటర్ల నీళ్లు కావాలి. ఎండలో బరువు మోస్తే 30 లీటర్ల దాకా తాగుతుంది. అంటే రెండు పెద్ద బిందెలు. నీళ్లు మోయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే గుర్రాన్నే గెడ్డకు తీసుకెళ్లండి. పొద్దున, పని మధ్యలో, సాయంత్రం తాగనివ్వండి. "చెమటతో ఉంది, నీళ్లు పెట్టకూడదు" అని కొందరు అంటారు. అది సరికాదు. దాహంతో ఉంచడమే ప్రమాదం. కొంచెం కొంచెంగా తాగనిస్తే సరిపోతుంది.

నీళ్లు చాలాయా లేదా ఎలా తెలుస్తుంది? భుజం దగ్గర చర్మాన్ని వేళ్లతో పట్టి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. మడత అలాగే నిలబడితే ఒంట్లో నీరు తగ్గినట్టు.

చెమటతో ఉప్పు పోతుంది. అందుకే పనిచేసే రోజు దాణాలో ఒక పెద్ద చెంచాడు ఉప్పు కలపండి.

నడక, బరువు, విశ్రాంతి

గుర్రానికి నడక కావాలి. పని లేదని రోజంతా పొట్టి తాడుతో కట్టేస్తే కాళ్లు బిగుస్తాయి, అరుగుదల చెడుతుంది. పొడుగు తాడు వేసి మేయనివ్వండి. ముందు కాళ్లు రెండూ కలిపి బంధం వేయకండి. తాడు ఒరుసుకుని పుండు పడుతుంది.

పని లేని రోజు దాణా సగానికి తగ్గించాలి. గడ్డి మాత్రం తగ్గించకూడదు. రెండు మూడు రోజులు ఊరికే ఉంచి నిండా దాణా పెట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా బరువు వేస్తే ఏమవుతుందో తెలుసా? గుర్రం కొంత దూరం నడిచి బిగుసుకుపోతుంది. తుంటి కండలు రాయిలా గట్టిపడతాయి. మూత్రం నల్లటీ రంగులో వస్తుంది. అప్పుడు అదిలించి నడిపించకూడదు. బరువు దింపి, అక్కడే నిలబెట్టి, డాక్టరును పిలవాలి.

ఎంత బరువు వేయాలి? దీనికి చట్టమే ఉంది. బరువు మోసే పశువుల కోసం కేంద్ర ప్రభుత్వం 1965లో నియమాలు చేసింది. పొట్టి గుర్రం వీపు మీద 70 కిలోలకు మించి వేయకూడదు. అంటే 50 కిలోల బియ్యం బస్తా ఒకటి, ఇంకో 20 కిలోల సామాను. అంతే. రెండు బస్తాలు వేస్తే 100 కిలోలు. అది నేరం, గుర్రానికి చేటు కూడా. ఏటవాలు దారి అయితే ఇంకా తగ్గించండి. బరువు రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఒక పక్క 35, ఇంకో పక్క 35.

రోజుకు మొత్తం 9 గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా వరసగా 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా పని పెట్టకూడదు. ఇవన్నీ ఆ నియమాల్లో ఉన్నవే.

మూడేళ్లు నిండని పిల్ల మీద బరువు వేయకండి. దాని ఎముకలు ఇంకా ముదరవు. ఆడగుర్రం కడుపు సుమారు 11 నెలలు. చివరి మూడు నెలలు బరువు వేయవద్దు. నిండు నెలల్లో బరువు మోస్తే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పాలా?

రోజూ పావుగంట

సాయంత్రం గుర్రం ఇంటికి రాగానే పావుగంట దానికి ఇవ్వండి. పీచుతోగానీ, బ్రష్షుతోగానీ ఒళ్లంతా రుద్దండి. రుద్దుతుంటే పుండు, వాపు, పిడుదు చేతికి తగులుతాయి. వీపు మీద మెత్త వేసే చోటు బాగా చూడండి. ఆ మెత్త తడిగా, మురికిగా ఉంటే వీపు పుండవుతుంది. ఎండలో ఆరబెట్టండి.

పుండు కనిపిస్తే లీటరు నీళ్లు కాచి చల్లార్చి, రెండు టీ చెంచాల ఉప్పు వేసి, ఆ నీళ్లతో కడగండి. ఇంజను ఆయిలు, సున్నం, బ్యాటరీ పొడి రాయకండి. పుండు మానేదాకా ఆ చోట బరువు ఆనకూడదు.

నాలుగు గిట్టలూ ఎత్తి చూడండి. ఇరుక్కున్న రాళ్లు, బురద తీసేయండి. మడమ వైపు నుంచి ముందుకు తీయాలి. గిట్ట అడుగున కుళ్లు వాసన వస్తే అక్కడ చెడుతున్నట్టు. వానాకాలంలో ఇది ఎక్కువ. కట్టే చోటు పొడిగా ఉంచండి. లాడం ఉన్నా లేకపోయినా 6 నుంచి 8 వారాలకు ఒకసారి గిట్టలు చెక్కించాలి.

నమిలిన గడ్డి ఉండలుగా పడేస్తుంటే పళ్లు చూపించండి. గుర్రం పళ్లు పెరుగుతూ, అరుగుతూ, అంచులు కత్తిలా అవుతాయి. నోట్లో పుండ్లు పడతాయి. డాక్టరు ఆ అంచులు అరగదీస్తారు.

ఈ జబ్బులు గుర్తుపట్టండి

కడుపునొప్పి: గుర్రం మాటిమాటికీ డొక్క వైపు చూస్తుంది. కాలితో నేల తవ్వుతుంది. పడి దొర్లుతుంది. మేత ముట్టదు, పేడ వేయదు. ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. వెంటనే మేత తీసేయండి. దొర్లబోతే మెల్లగా నడిపించండి. నూనె, సారా గొంతులో పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే గుర్రం చచ్చిపోతుంది.

ధనుర్వాతం: మనిషికి వచ్చేదే. గుర్రానికి ఇంకా తొందరగా వస్తుంది. చిన్న మేకు గుచ్చుకున్నా చాలు. ఒళ్లు కట్టెలా బిగుస్తుంది. దీనికి టీకా ఉంది. మొదట రెండుసార్లు, తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి వేయించాలి.

సర్రా: జోరీగలు కుట్టడం వల్ల వస్తుంది. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది. తింటున్నా గుర్రం చిక్కిపోతుంది. పొట్ట కింద, కాళ్లకు వాపు వస్తుంది. రక్తపరీక్ష చేయించి మందు వేయించాలి. సాయంత్రం వేపాకు పొగ పెడితే ఈగలు తగ్గుతాయి.

గ్లాండర్స్: ముక్కులోంచి చిక్కటి చీము కారుతుంది. చర్మం మీద గడ్డలు లేచి పగులుతాయి. ఇది మనుషులకూ అంటుతుంది, ప్రాణం తీస్తుంది. అనుమానం వస్తే ఆ గుర్రాన్ని వేరుగా కట్టండి. పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి. దాచడం చట్టరీత్యా తప్పు. గుర్రాల జబ్బుల మీద పరిశోధనకు హర్యానాలోని హిసార్‌లో జాతీయ కేంద్రమే ఉంది.

ఏ జబ్బయినా 1962కు ఫోను చేయండి. డబ్బులు పడవు. కొండ మీద సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో ముందే చూసి పెట్టుకోండి. అర్ధరాత్రి వెతుక్కోవడం కష్టం.

మీ నోటు పుస్తకం

ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. ఈ చదువు గుర్రానికీ పనికొస్తుంది. నోటు పుస్తకంలో ఒక పేజీ గుర్రానికి ఇవ్వండి. టీకా వేసిన తేదీ, పురుగుల మందు వేసిన తేదీ, గిట్టలు చెక్కించిన తేదీ రాయండి. మళ్లీ ఎప్పుడో అదీ రాయండి.

ఊపిరి లెక్క కూడా రాయండి. గుర్రం నిదానంగా నిలబడినప్పుడు డొక్క ఎగిరి దిగడం ఒక నిమిషం లెక్కపెట్టండి. 8 నుంచి 16 సార్లు ఉంటే మంచిది. విశ్రాంతిగా ఉన్నా అంతకు బాగా ఎక్కువుంటే ఏదో తేడా ఉన్నట్టు. డాక్టరు వచ్చినప్పుడు ఈ పేజీ చూపించండి. "ఎప్పటి నుంచి?" అని అడిగితే "ఏమో" అనకుండా తేదీ చెప్పవచ్చు. సగం వైద్యం అక్కడే అవుతుంది.

గుర్తుంచుకుందాం
1. ముందు గడ్డి, తర్వాత దాణా.
2. మేత కొంచెం కొంచెంగా, నీళ్లు కావలసినంత.
3. పని లేని రోజు దాణా సగం.
4. వీపు మీద 70 కిలోలు దాటకూడదు.
5. రోజూ వీపు, గిట్టలు చూడాలి.
6. జబ్బు చేస్తే 1962.

రాయండి
మీ గుర్రం వీపు మీద పోయిన సంతకు ఎన్ని కిలోలు వేశారు? 70కి ఎంత ఎక్కువ? ఎంత తక్కువ? లెక్క రాసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.