పాత సత్రం మన ఆఫీసు అయిన తీరు
(వార్షిక మహాజన సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది చేసిన పనుల్లో కంటికి కనిపించేది మీరిప్పుడు కూర్చున్న ఈ భవనమే. "మా ఊళ్లోనూ ఇలాంటి పాత గది ఉంది, మేమూ బాగుచేసుకోవచ్చా?" అని చాలా సంఘాలవాళ్లు అడుగుతున్నారు. అందుకని ఏ పని ముందు చేశామో, ఎందుకు చేశామో వివరంగా చెబుతాం.

ఇంతకుముందు మన ఆఫీసు అద్దె మేడ మీద ఉండేది. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు, వికలాంగుల సంఘాల సభ్యులు కిందే నిలబడి, ఎవరో ఒకరి చేత కాగితాలు పైకి పంపేవాళ్లు. తన పేరున ఎంత అప్పుందో పుస్తకంలో తానే చూసుకోలేకపోతే సమాఖ్యలో వాటా ఉండి ఏం లాభం? ఇంట్లో గొడవ గురించి చెప్పుకుందామని వచ్చిన మనిషికి నలుగురి మధ్యా నోరు పెగిలేది కాదు. మనకంటూ చోటు కావాలని అనుకున్నది అందుకే.

పంచాయతీ ఈ పాత సత్రం ఇస్తానంది. పడగొట్టి స్లాబు వేద్దామని కొందరు, ఉన్నదాన్ని బాగుచేద్దామని కొందరు అన్నారు. మేస్త్రిని, ఇంజినీరును పిలిచి చూపించాం. పునాది కుంగలేదు, గోడలు బీటలివ్వలేదు, పాడైంది పైకప్పు, నేల మాత్రమే అని చెప్పారు. సామాజిక పెట్టుబడి నిధి మన అక్కచెల్లెళ్లకు అప్పులివ్వడానికి వచ్చిన సొమ్ము. అందులోంచి ఒక్క రూపాయి కూడా గోడలకు పెట్టకూడదని మహాజన సభలో తీర్మానించాం. ఆఫీసు కోసం ఏ సభ్యురాలి అప్పు వంతూ వెనక్కి జరగకూడదు కదా! మిగులు సొమ్ములో అయ్యే పని రిపేరే. అందుకే పడగొట్టలేదు.

అన్నిటికన్నా ముందు కాగితం. మన సమాఖ్య 1995 నాటి మాక్స్ చట్టం కింద రిజిస్టరైంది కాబట్టి సమాఖ్య పేరునే లీజు రాయించుకున్నాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి. వాళ్ల తీర్మానం నకలు, మన తీర్మానం నకలు ఫైల్లో పెట్టాకే సున్నం కొన్నాం. నోటిమాట మీద ఖర్చు పెడితే, రేపు ఖాళీ చేయమంటే మన డబ్బుకు దిక్కెవరు?

తర్వాత పైకప్పు. బెంగుళూరు పెంకు మొత్తం దింపించి, పగిలినవి తీసేసి, చెదలు తిన్న వాసాలు మార్పించి మళ్లీ కప్పించాం. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా చుట్టూ కాలువ తీయించాం. పైనుంచి కారేది, కిందనుంచి పీల్చేది ఆగకుండా రంగులు వేయిస్తే ఆ డబ్బు వానకే పోతుంది.

గోడలకు సిమెంటు పూత వద్దన్నాం. ఇవి సున్నంతో కట్టిన ఇటుక గోడలు. వీటిలోకి చేరిన చెమ్మ పైపూత గుండా ఆరిపోవాలి. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ ఇంకా పైకి ఎగబాకి, ఉప్పు పొంగి పూత పెచ్చులుగా ఊడుతుంది. పాతకాలం పనివాళ్లు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. ఆ పని తెలిసిన పెద్ద మేస్త్రిని పిలిపించి సున్నం పూతే వేయించాం, పైన వెల్ల వేయించాం. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, తొందరపడితే కుదరదు.

కరెంటు పని మొత్తం కొత్తదే. పాత వైర్లు పీకించి, ఎర్తింగ్ వేయించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల బ్రేకరు పెట్టించాం. కంప్యూటర్లకు వేరే లైను.

అరుగు ఎత్తు అడుగున్నర. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్కన, 18 అడుగుల వాలుదారి కట్టించాం. పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉంది. చక్రాల కుర్చీ పట్టేలా గుమ్మం వెడల్పు చేయించాం. నీళ్లు, తలుపు గడియ, చెత్తబుట్ట ఉన్న మరుగుదొడ్డి పూర్తయ్యాకే కుర్చీలు, బల్లలు కొన్నాం. బీరువాలను గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా పెట్టాం. చెదలు వస్తే ముందు తినేది మన లెడ్జర్లనే. వెనక చిన్న గదికి తలుపుంది. అక్కడ చెప్పుకున్న మాట బయటికి రాదు.

కొటేషన్లు, బిల్లులు, కూలి మస్టర్లు అన్నీ ముందుగదిలో ఉన్నాయి. ఏ సంఘం సభ్యురాలైనా అడిగి చూడొచ్చు.

ఇక మీ ముందు ఒక ప్రతిపాదన. ఏటా వానలకు ముందు పెంకు సర్దించాలి, కాలువ తీయించాలి, చెదలు చూసుకోవాలి. మానేసిన అద్దెలో కొంత భాగాన్ని నెలనెలా భవన నిర్వహణ ఖాతాలో వేద్దామని కార్యవర్గం కోరుతోంది. ఎంత వేయాలో మీరే చర్చించి తీర్మానించండి. సెలవు.