చెట్టుకు కట్టిన అన్నం మూట

(హోసూరు నుంచి కృష్ణగిరికి పాదయాత్ర చేస్తున్న యువజనులతో, దారిలో శూళగిరి దగ్గర ఆగిన విశ్రాంతి దినాన చేసిన ప్రసంగం)



ఈ ఉదయం మీలో ఒక తమ్ముడు నన్ను అడిగాడు. "అయ్యగారూ, కృష్ణగిరి ఇంకా పాతిక కిలోమీటర్లే కదా. ఒక రోజంతా ఇక్కడ కూర్చోవడం ఎందుకు?" అడిగిన తమ్ముడి మడమ మీద బొబ్బ పగిలి ఉంది. నేను దాన్ని చూసి నవ్వాను, అతనూ నవ్వాడు. ఈ పూట మనకున్న పనులు చిన్నవే. బట్టలు ఉతుక్కోవాలి. తెగిన చెప్పులు కుట్టించుకోవాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ప్లాస్టర్లు, రేపటికి అరటిపండ్లు కొనుక్కోవాలి. మిగతా సమయమంతా నిద్రపోవాలి. ఇది కూడా యాత్రలో భాగమే. ఎందుకో వాక్యం నుంచి చెబుతాను.

రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీయండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చేసిన ఏలీయా, యెజెబెలు బెదిరింపుకు భయపడి పారిపోయాడు. బెయేర్షెబా దాటి అరణ్యంలో ఒక రోజు నడిచి, ఒక చెట్టు కింద కూలబడి, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? అవిశ్వాసివని గద్దించాడా? లేదు. ప్రసంగమూ చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు తలదగ్గర పెట్టి, తట్టి లేపి, తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, దారి నీ శక్తికి మించినదని చెప్పి మళ్లీ తినిపించాడు. ఆ తరువాతే నలభై రోజుల నడక, హోరేబు కొండ. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు అడిగింది అక్కడ, చెట్టు కింద కాదు. ముందు అన్నం, నిద్ర. ప్రశ్నలు తరువాత.

మన దేశంలోని పెద్ద నడకలు కూడా ఇలాగే సాగాయి. 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరిన గాంధీజీ ఏప్రిల్ 5న దండి చేరారు. మధ్యలో సోమవారాలు నడకకు సెలవు. అదే ఏడాది ఏప్రిల్ 13న రాజాజీ సుమారు వందమందితో తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యానికి ఉప్పు యాత్ర మొదలుపెట్టారు. ఆయన పుట్టింది ఎక్కడో కాదు, మన హోసూరు పక్కన తొరపల్లిలోనే. వాళ్లకు తిండి పెట్టినా, నీడ ఇచ్చినా జైలు తప్పదని తంజావూరు కలెక్టరు హెచ్చరించాడు. అప్పుడు ఊళ్లవాళ్లు ఏం చేశారో తెలుసా? అన్నం మూటలు దారి పక్క చెట్ల కొమ్మలకు కట్టి వెళ్లిపోయారు. యాత్ర ఏప్రిల్ 28న వేదారణ్యం చేరింది. నాయకుడి పేరు చరిత్రలో ఉంది. మూట కట్టిన అమ్మల పేర్లు దేవునికే తెలుసు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. 2020 లాక్‌డౌన్‌లో, మనం నడిచొచ్చిన ఇదే రోడ్డు మీద, బెంగళూరులో పనులు ఆగిపోయిన ఒక కుటుంబం మా చర్చి గేటు దగ్గర ఆగింది. భార్య, భర్త, ఆరేడేళ్ల పాప. నేను గేటు మీదుగా పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు అందించాను. ఆయన తీసుకుని, "అయ్యా, రేపటిదాకా ఆ చెట్టు కింద పడుకుంటాం. పాప కాళ్లు బొబ్బలెక్కినాయి" అన్నాడు. మా ఆవరణలో వేపచెట్టు ఉంది. చుట్టుపక్కలవాళ్లు ఏమంటారో, సంఘ పెద్దలు ఏమంటారో, జబ్బు వస్తుందేమో అని భయపడ్డాను. "ముందు ఊళ్లో ఏదైనా చూసుకోండి" అన్నాను. ఆయన నన్నేమీ అనలేదు. పాపను భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

వాళ్లకు అన్నం పెట్టానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. నిజమే, అన్నం పెట్టాను. ఒక రోజు ఆగనివ్వలేదు. 1930లో జైలుకు భయపడాల్సిన వాళ్లు దారి కనిపెట్టారు. నాకు జైలు భయం కూడా లేదు.

ప్రియులారా, ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ చూడండి. నువ్వు విశ్రమించినట్టే నీ దాసుడు, నీ దాసి కూడా విశ్రమించాలి, నువ్వు ఐగుప్తులో దాసుడివని గుర్తుంచుకో అని దాని భావం. అంటే నా విశ్రాంతి మరొకరి విశ్రాంతితో ముడిపడి ఉంది. ఆదివారం ఆరాధనకు వచ్చే మనం, మన ఇంట్లో అంట్లు తోమే అక్కకు వారానికి ఒక రోజు సెలవు ఇస్తున్నామా? బట్టల కొట్లలో రోజంతా నిలబడే ఆడవాళ్లు అడిగి పోరాడాకే, కేరళ 2018లో, మన తమిళనాడు 2021లో, వాళ్లకు కూర్చోవడానికి కుర్చీ ఉండాలని చట్టం చేశాయి. ఒక కుర్చీ కోసం చట్టం కావాల్సి వచ్చింది!

మీరు కృష్ణగిరి చేరి, ఇళ్లకు తిరిగి వెళ్లాక ఒక పని చేయండి. మీ సంఘంలో అడగండి: మన గేటు లోపల దారినపోయేవాళ్లకు నీళ్ల కుళాయి ఉందా? మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గర ఉంది? డెలివరీ పిల్లలు ఎండలో పది నిమిషాలు కూర్చునే నీడ ఉందా? మా చర్చిలో ఇప్పుడు ఆ చెట్టు కింద అరుగు కట్టించాం. పగలంతా గేటు తీసి ఉంచుతాం. రాత్రి ఆగాలనేవాళ్లకు చాప ఇస్తాం. ఆ పాప మళ్లీ రాదు. ఇప్పుడు ఎక్కడుందో, ఎంత పెద్దదైందో తెలియదు. అయినా గేటు తీసే ఉంటుంది.

ఇక చాలు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. తినండి, పడుకోండి. రేపు తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరదాం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.