నేర్చుకోవడానికే కదా వచ్చావు!

(కేటరింగ్ చదువుతున్న విద్యార్థినుల హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వంట బాగా కుదిరితే మనవాళ్లు ‘నలభీమపాకం’ అంటారు. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడే అమ్మ పేరుతో మాత్రం ఏ పాకమూ లేదు. ఈ సంగతి నాకు మా ఇంట్లో ఉండగా తట్టలేదు. 2019లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో, ఒక పేరున్న రెస్టారెంటు వంటగదిలో నాలుగు నెలలు ఇంటర్న్‌గా పని చేస్తుండగా తట్టింది. అక్కడ పదహారు మందిమి పని చేసేవాళ్లం. ఆడవాళ్లం ముగ్గురం. అందులో ఇద్దరం ఇంటర్న్‌లం.

ఉదయం తొమ్మిదికి పని మొదలు. కత్తిపీట అలవాటైన చేతులతో కత్తి పట్టుకుని, జారకుండా చెక్క కింద తడిగుడ్డ పరిచి, చిన్న ఉల్లిపాయలు కిలోలకు కిలోలు వొలిచి సన్నగా తరగాలి. ఆకుకూర కాడల నుంచి ఒక్కొక్క ఆకే తుంచాలి. ఉడికించిన దుంపల్ని జల్లెడలో వేసి రుద్దాలి. ప్రతి డబ్బా మీదా తేదీ రాసి చీటీ అంటించాలి. వేడి గిన్నెతో ఎవరి వెనక నుంచి వెళ్లినా ‘షో!’ అని అరవాలి. అంటే ‘వేడి’ అని. ఎవరు ఏం చెప్పినా జవాబు ఒక్కటే: ‘వీ, షెఫ్’. సరే షెఫ్ అని. మధ్యాహ్న భోజనం గిన్నె చేత్తో పట్టుకుని నిలబడే పావుగంటలో ముగించేవాళ్లం. మూడు నుంచి ఆరు దాకా విరామం. మళ్లీ ఆరింటికి వస్తే, పొయ్యిలు తోమి, నేల కడిగి బయటపడేసరికి రాత్రి పదకొండున్నర. ఓవెన్ తలుపు తగిలి మోచేతి కింద కాలిన మచ్చలు ఇవిగో, ఇంకా ఉన్నాయి.

పెద్ద వంటగదులు ఇలా సైన్యంలా నడవడం యాదృచ్ఛికం కాదు. 19వ శతాబ్దం చివరలో ఈ పద్ధతిని తీర్చిదిద్దిన ఆగుస్త్ ఎస్కోఫియే అంతకుముందు సైన్యంలో వంట చేసినవాడు. పై నుంచి కింది దాకా హోదాలు, ఎదురు చెప్పకుండా ఆజ్ఞలు. అందరికన్నా కింద ఇంటర్న్. అయితే లియాన్ వంటకు పేరు తెచ్చింది ఆడవాళ్లే. ధనికుల ఇళ్లలో వంట చేసిన స్త్రీలు బయటికొచ్చి సొంతంగా భోజనశాలలు పెట్టారు. పెళ్లి కాకుండానే తల్లి అయిన యూజెనీ బ్రాజియే అనే రైతుబిడ్డ ఆ ఊరికి పనిమనిషిగా వచ్చింది. 1933 నాటికి ఆమె నడిపిన రెండు రెస్టారెంట్లకూ మూడేసి మిషెలిన్ నక్షత్రాలు దక్కాయి. ఆమె ఫోటో గోడ మీద వేలాడే ఊళ్లో, మేం ఇద్దరు ఇంటర్న్ అమ్మాయిలం పొయ్యి దగ్గరికి వెళ్లడానికి నెలన్నర పట్టింది.

ఇక కాగితం సంగతి. కాలేజీ, నేను, రెస్టారెంటు, ముగ్గురం సంతకం పెట్టిన ఒప్పందంలో వారానికి 35 గంటలని ఉంది. నేను చేసింది 57 గంటల పైమాటే. అప్పట్లో ఇంటర్న్‌కు చట్టం ప్రకారం గంటకు ఇవ్వాల్సిన కనీస మొత్తం 3 యూరోల 75 సెంట్లు. కార్మికుల కనీస వేతనం 10 యూరోల 3 సెంట్లు. ఆ తక్కువ డబ్బు కూడా 35 గంటలకే ఇచ్చారు. మిగతా గంటల గురించి అడిగితే షెఫ్ నవ్వి, ‘నేర్చుకోవడానికే కదా వచ్చావు!’ అన్నాడు. ‘నీ ఇల్లే కదా’ అని కోడలితో చేయించుకునే చాకిరీకీ దీనికీ తేడా ఏమిటి? మాట మారింది, అంతే. నేను వచ్చేసిన మూడేళ్లకు, కోపెన్‌హాగెన్‌లో ప్రపంచ ప్రసిద్ధి పొందిన నోమా కూడా 2022 అక్టోబరులోగానీ ఇంటర్న్‌లకు జీతమివ్వడం మొదలుపెట్టలేదు.

ఫ్రాన్సులో చట్టం లేక కాదు. 2014 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం రెండు నెలలు దాటిన ఇంటర్న్‌షిప్‌కు డబ్బు ఇచ్చి తీరాలి. పని గంటల పరిమితి, రోజువారీ విశ్రాంతి, వేధింపుల నుంచి రక్షణ ఇంటర్న్‌లకూ వర్తిస్తాయి. హాజరైన గంటల లెక్క యాజమాన్యమే రాయాలి. ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. ఒప్పందం ఫ్రెంచిలో ఉంది. చదవకుండానే సంతకం పెట్టాను.

ఇప్పుడు చెప్పేది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. నాతో ఉన్న రెండో ఇంటర్న్ పోర్చుగల్ అమ్మాయి. షెఫ్ తర్వాతివాడు ఆమెను కోల్డ్‌రూములో దారికి అడ్డం నిలబడి తాకేవాడు. రెండుసార్లు నేను కళ్లారా చూశాను. ఒకరోజు ఆమె, ‘నాతో ఆఫీసుకి వస్తావా? నువ్వు చూశావుగా’ అంది. నాకింకా ఐదు వారాలుంది. నా మూల్యాంకన పత్రం మీద సంతకం పెట్టేది అతనే. ‘సర్వీసు అయ్యాక చూద్దాం’ అన్నాను. సర్వీసు అయ్యింది. నేను వెళ్లలేదు. నాలుగు రోజుల తర్వాత ఆమె రాలేదు. ఆమె ఏప్రన్ మర్నాడే ఇంకో కుర్రాడు కట్టుకున్నాడు. నాకు సర్టిఫికెట్ వచ్చింది.

తిరిగి వచ్చాక జరిగినదంతా కాలేజీకి రాసిచ్చాను. ‘వచ్చే బ్యాచ్ సీట్లు పోగొడతావా అమ్మా?’ అన్నారు. అక్కడ నా నోరు నొక్కింది సర్టిఫికెట్, ఇక్కడ నా తర్వాతి ఆడపిల్లల భవిష్యత్తు.

అందుకే మీ సంస్థలను అడుగుతున్నాను. మన హోటళ్లలో శిక్షణకు వెళ్లే అమ్మాయిలకు 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం వర్తిస్తుంది. అందులో ‘ఉద్యోగి’ అంటే ట్రైనీ, అప్రెంటిస్ కూడా. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. ఈ మాట వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. విదేశాలకు వెళ్లేవాళ్లకు ఒప్పందం తెలుగులో చదివి వినిపించాలి. ఏ రోజు ఎన్ని గంటలు పని చేశారో సొంత నోటుపుస్తకంలో రాసుకోమనాలి. కాలేజీ కాకుండా బయట ఫోను చేయడానికి ఒక మనిషి ఉండాలి. నాకలాంటి మనిషి ఒక్కరున్నా ఆ రోజు ఆ అమ్మాయితో ఆఫీసు మెట్లెక్కి ఉండేదాన్నేమో.

వచ్చే నెలలో మా ఊరి కాలేజీ నుంచి ఆరుగురు అమ్మాయిలు వెళ్తున్నారు. ఈ ఆదివారం వాళ్లు తమ ఒప్పందాలు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. ఫ్రెంచి చదవగలిగినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే దయచేసి రండి.