సైక్లడీసు దీవులలో నావావిహారము

గ్రీసు దేశమున ఏజియను సముద్రమందలి సైక్లడీసు దీవుల నడుమ, అద్దెకుఁ దీసికొన్న తెరచాప పడవపై, నా పూర్వశిష్యునితోఁ గూడ నేనొక వారము సంచరించితిని. డీలోసను చిన్న దీవికిఁ జుట్టును వలయముగా నున్నవని ప్రాచీనులు వీనికా పేరిడిరి. వారి ‘కుక్లోస్’ శబ్దమును మన ‘చక్ర’ శబ్దమును ఏకమూలజన్యములని భాషాతత్త్వజ్ఞులు చెప్పుదురు.

విహారమనఁగా ఇచ్చవచ్చినట్లు పోవుటయని కొందఱి తలంపు. అచ్చట యజమాని గాలియే. వేసవియం దుత్తరమునుండి వీచు ఆ గాలిని ‘మెల్తేమి’ యందురు. అది విజృంభించినచో చిన్నపడవలు రేవు విడువరాదు. మేమును రెండు దినములట్లే నిలిచితిమి.

ఆ దీవులలో వానలు తక్కువ. పడవ తొట్టిలోని మంచినీటిని చెంబులతోఁ గొలిచి వాడుకొంటిమి. డీలోసునఁ బూర్వులు నాటకశాల మెట్లపైఁ బడిన వాననీటిని మళ్లించి, కమానులు గట్టిన గొప్ప తొట్టియందు నిలువచేసికొనిరి. దాని శిథిలములు నేఁటికిని గలవు. క్రీ.పూ. 426లో ఏథెన్సువారు ఆ దీవిని పావనము చేయఁగోరి సమాధులను దొలఁగించి, జననమరణములు రెండును అచ్చటఁ గూడదని శాసించిరి. ఇప్పుడును యాత్రికుఁడచట రాత్రి నిలువరాదు.

కడమ దీవులలో నట్టి కట్టడి లేదు. వేసవిలో జనము క్రిక్కిఱియుటచేఁ బెక్కుచోట్ల సముద్రజలమునుండి ఉప్పు తీసి త్రాగుచున్నారు. విహారికి వేడుకైన యెండ ఆ యూరివారికి నీటికఱవు. అతిథి త్రాగు ప్రతి చెంబును గృహస్థుని కడవలోనిదే. కావున చూడఁబోవువారు కన్నులారఁ జూడవచ్చును గాని, నీటిని మాత్రము పొదుపుగా వాడవలెను.