జూమ్ ఫొటో మసకగా వస్తోందా? లెన్స్ మార్చే ముందు ఇది చూడండి

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా కొన్నాను, 75-300 లెన్స్ పెట్టాను. పక్షి ఫొటో తీస్తే మెత్తగా, మసకగా వస్తోంది. ఇది అమ్మేసి ఈఎంఐ మీద పెద్ద లెన్స్ కొనేయనా?" ఆగండి. డబ్బు పెట్టే ముందు, ఫొటోని ఎవరు పాడుచేస్తున్నారో కనిపెడదాం.

ముందు చిన్న లెక్క. ఈ కెమెరా సెన్సర్ 17.3 × 13 మిల్లీమీటర్లే. అందుకే 300 మి.మీ. లెన్స్, ఫుల్‌ఫ్రేమ్‌లో 600 లాగా చూపిస్తుంది. మీ ఫోన్ మెయిన్ కెమెరా సుమారు 24 అనుకుంటే, ఇది పాతిక రెట్లు. పక్షి పాతిక రెట్లు పెద్దగా కనిపిస్తే, మీ చేతి వణుకు కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది కదా!

ఇప్పుడు మసక ఫొటోని జూమ్ చేసి చూడండి. దొంగలు ముగ్గురే.

ఒకటి, కదలిక. ఫొటోలో అన్నీ ఒకే వైపు సాగినట్టు ఉంటే చెయ్యి కదిలింది. కొమ్మ క్లియర్‌గా ఉండి పక్షి మాత్రమే సాగితే పక్షి కదిలింది. కెమెరాలో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు. అది మీ చేతిని ఆపుతుంది, పక్షిని ఆపదు. కూర్చున్న పక్షికి 1/1000, ఎగిరేదానికి 1/2000 పెట్టండి. ఐఎస్ఓ 1600 దాటినా భయపడకండి. గ్రెయిన్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, సాగిపోయిన కన్నుని తిరిగి తేలేం. ఇంకోటి, తేలికైన బాడీల్లో షట్టర్ కదలికే కొన్ని స్పీడుల్లో ఫొటోని కదిలిస్తుంది. మెనూలో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ ఉంటే వాడండి.

రెండు, ఫోకస్. పక్షి మసకగా ఉండి వెనక గడ్డి షార్ప్‌గా ఉందా? ఫోకస్ తప్పింది. పది మీటర్ల దూరంలో, 300 దగ్గర, క్లియర్‌గా వచ్చే లోతు దాదాపు జానెడే. ఫోకస్ బాక్స్‌ని చిన్నది చేసి కన్ను మీద పెట్టండి.

మూడోది ఎవరూ పట్టించుకోరు. గాలి! స్పీడు సరిపోయింది, ఫోకస్ కూడా సరిగ్గానే ఉంది, అయినా నీళ్లలోంచి చూసినట్టు ఉందా? ఎండకి నేల వేడెక్కి, గాలి అలలు అలలుగా లేస్తుంది. మధ్యాహ్నం తారు రోడ్డు మీద చూసే ఉంటారు. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఆ గాలిలోంచే చూడాలి. కొల్లేరు పక్కన ఆటపాకలో గూడబాతులు తీయాలంటే పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కాక దూరం ఫొటోలు వదిలేయండి.

"అయితే దగ్గరికి వెళ్తే సరిపోతుందిగా?" అంటారేమో. మామూలు చోట్ల నెమ్మదిగా దగ్గరవ్వండి, తప్పులేదు. గూళ్ల దగ్గర మాత్రం వద్దు. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకీ కాకులకీ వదిలేసినట్టే. ఒక షార్ప్ ఫొటో కోసం అంత ఖరీదు వద్దు.

చివరగా, పైసా ఖర్చులేని పరీక్ష. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు న్యూస్‌పేపర్‌ని నీడలో గోడకి అంటించండి. పది మీటర్ల దూరంలో కెమెరాని కదలకుండా బల్ల మీద పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. ఒకటి పూర్తిగా తెరిచిన అపర్చర్‌తో, ఇంకోటి ఎఫ్/8తో. ఎఫ్/11 దాటకండి, ఇంత చిన్న సెన్సర్‌లో డిఫ్రాక్షన్ వల్ల మళ్లీ మెత్తబడుతుంది.

అక్షరాలు గీసినట్టు వచ్చాయా? మీ లెన్స్ బాగానే ఉంది, ఈఎంఐ డబ్బుతో ఆటపాకకి టికెట్ కొనుక్కోండి. రాలేదా? అప్పుడు లెన్స్ మార్చడం గురించి ఆలోచించండి.